అగ్నిసాక్షియు అక్షరసాక్షియు



మహాభారతము ఆదిపర్వములో శకుంతల కుమారుని వెంటబెట్టుకొని దుష్యంతుని కొలువునకు వచ్చిన ఘట్టము, చావడిలో పురాణము విన్నవారందఱకు తెలిసినదే. కణ్వమహర్షి ఆశ్రమములో లేని వేళ గాంధర్వవిధిని ఆ వివాహము జరిగినది. పురోహితుడు లేడు, పందిరి లేదు, బంధువులలో చూచినవారొక్కరును లేరు. నిండు కొలువులో రాజు ఈమె యెవరో యెఱుగనన్నాడు. నన్నయభట్టు చెప్పిన కథలో శకుంతల ఎంత ధర్మము చెప్పినను, ఎంత వాదించినను రాజు కరగలేదు. చివరకు ఆకాశవాణి పలికినది. అప్పుడు గాని ఆమె భార్య కాలేదు, ఆ బాలుడు యువరాజు కాలేదు. అటుపిమ్మట దుష్యంతుడు చెప్పుకొన్న సమాధానము గమనింపదగినది. తనకు సర్వము తెలియుననియు, ఒక్క ఆమె మాటమీదనే స్వీకరించినచో లోకము శంకించుననియు ఆయన భయపడెనట. కాళిదాసు ఆకాశవాణికి బదులు ఉంగరమును పెట్టినాడు. ఆ ఉంగరము నీట జారి, చేప కడుపున చేరి, జాలరి చేతికి దొరికినది.

ఆకాశవాణి పలుకకుండిన, చేప వలలో పడకుండిన, శకుంతల గతి యేమి? ఈ ప్రశ్న కావ్యములకే పరిమితమైనది కాదు. స్వదేశము విడిచి సముద్రములు దాటిన హిందువులకు నూఱేండ్లకు పైగా ఇదే ప్రశ్న ఎదురైనది. వారి వివాహములను పరదేశపు ప్రభుత్వము లెక్కలోనికి తీసికొనునా, తీసికొనదా యన్నది వారి భార్యల గౌరవమును, వారి బిడ్డల వారసత్వమును నిర్ణయించినది. హిందూమతము ప్రపంచములో ఎట్లు వ్యాపించెనని అడుగువారు దేవాలయ గోపురముల ఎత్తును, ఉత్సవములకు వచ్చిన జనసంఖ్యను చెప్పుదురు. అవి కంటికి కనబడునవి. పెండ్లి పుస్తకములోని ఒక్క పంక్తి కంటికి కనబడదు గాని, ఆ పంక్తి కొఱకు స్త్రీలు చెఱసాలలకు పోయిరి.

ముందుగా మన గ్రామము సంగతి చూడుడు. ఇక్కడ పెండ్లికి సాక్షి ఎవరు? అగ్నిహోత్రుడు సాక్షి అని పురోహితుడు చెప్పును. అది సత్యమే. కాని అగ్నిహోత్రునితోపాటు ఊరంతయు సాక్షియే. ఐరేని కుండలు చేసిన కుమ్మరి, సన్నాయి ఊదిన మంగలి, మంగళసూత్రము చేసిన కంసాలి, విస్తళ్లు కుట్టిన వారు, బంతిభోజనములో పప్పు చాలలేదని నలువది ఏండ్ల పాటు దెప్పిపొడిచెడి మేనత్త, అందఱును సాక్షులే. ఫలానా వాని పెండ్లి గోదావరి వరదలు వచ్చిన యేట వైశాఖములో జరిగినదని చెప్పుటకు పదిమంది ముసలివారు ఎప్పుడును ఉందురు. అందువలన కాగితముతో పనిలేకపోయినది. ఏడవ అడుగుతో దారత్వము సిద్ధించునని మనుస్మృతి చెప్పుచున్నది. ఆ ఏడవ అడుగు పడినదనుటకు ఊరు పూచీ.

ఓడ ఎక్కినవానికి ఆ ఊరు లేదు. 1834లో మారిషస్ ద్వీపమునకు, 1845 మే 30న ట్రినిడాడ్ ద్వీపమునకు, 1860 నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని నేటాలునకు కూలీల ఓడలు చేరినవి. బానిసత్వము రద్దయిన పిమ్మట చెఱకు తోటలకు మనుష్యులు కావలసివచ్చిరి. ఐదేండ్ల కరారు వ్రాయించుకొని మన దేశమునుండి తరలించిరి. నేటాలునకు తొలుత చేరిన 'ట్రూరో' అను ఓడ మద్రాసు రేవునుండి బయలుదేరినదే. 1911 వఱకు ఆ దేశమునకు పోయిన సుమారు 1,52,000 మందిలో ఇంచుమించు మూడింట రెండు వంతులు మద్రాసు నుండియే పోయిరి. అందు తెలుగు జిల్లాలవారు వేలకొలది. కాకినాడ చెంతనున్న కోరంగి రేవు పేరు మారిషస్‌లో తెలుగువారికి మాఱుపేరై, వారిని 'కోరంగీలు' అని పిలిచిరి. ఆ ద్వీపమున నేటికిని ఉగాది ప్రభుత్వ సెలవుదినము.

ఓడలో నూఱుమంది పురుషులకు నలువదిమంది స్త్రీలుండవలెనని నిబంధన. ఒకే ఊరివారు ఒకే తోటకు పోవుదురన్న నమ్మకము లేదు. తోటలో ఇరువురు పెండ్లి చేసికొన్నచో, మంత్రము వచ్చినవాడెవడైనను దొరికినచో నాలుగు మాటలు చదివెడివాడు. దొరకనిచో పెద్దవాడొకడు పసుపుత్రాడు చేతికిచ్చెడివాడు. చూచినవారు తోటి కూలీలు. కరారు ముగియగానే వారిలో ఒకడు గనికి, ఒకడు రైలుపట్టాల పనికి, ఒకడు తిరిగి స్వదేశమునకు పోయెడివారు. సాక్ష్యము అట్లు చెల్లాచెదరైనది. ఇక మిగిలినది ప్రభుత్వపు పుస్తకము. ఆ పుస్తకము వారి మతపు పెండ్లిని పెండ్లిగా గుర్తించినను గుర్తింపకపోయినను, ఏళ్ల తరబడి ఎవరికిని పెద్ద బాధ తోచలేదు. బాధ ఒక్కసారిగా 1913లో తోచినది.

ఆ సంవత్సరము మార్చి 14న కేపు రాష్ట్రపు ఉన్నత న్యాయస్థానములో సెర్ల్ అను న్యాయాధిపతి ఒక తీర్పు చెప్పెను. ఆ వ్యాజ్యము ఒక ముస్లిం స్త్రీది. భర్త దక్షిణాఫ్రికాలో స్థిరపడినవాడు. భార్య ఇండియానుండి వచ్చి ఆ దేశములో అడుగుపెట్టుటకు అనుమతి కోరినది. ఒకరికంటె ఎక్కువ భార్యలను అనుమతించు మతవిధిని జరిగిన వివాహము ఆ దేశపు చట్టము దృష్టిలో వివాహము కాదనియు, అందుచేత ఆమె భార్య కాదనియు తీర్పు సారము. భర్తకు ఒక్క భార్యయే యున్నను తీర్పు మాఱదు. ఇది ఆ ఒక్క స్త్రీతో ఆగలేదు. హిందువుల, ముస్లిముల, పార్సీల వివాహములన్నియు ఒక్క కలము పోటుతో చెల్లనివైనవి. ముప్పదియేండ్లు కాపురము చేసిన ఇల్లాలు ఒక ఉదయమున లేచునప్పటికి ఉంపుడుకత్తె అను పేరునకు పాత్రురాలైనది. ఆమె బిడ్డలకు తండ్రి ఆస్తిపై హక్కు పోయినది. దుష్యంతుని వంటి భర్త కాదు ఇక్కడ కాదన్నది. భర్తలు ఔనన్నారు, రాజ్యము కాదన్నది.

అంతవఱకు గాంధీ మహాత్ముడు స్త్రీలను చెఱసాలకు పోవు సత్యాగ్రహములోనికి పిలువలేదు. ప్రభుత్వము చట్టము సవరించుటకు ఒప్పుకొనకపోవుటతో ఇక ఆపుటకు కారణము లేకపోయినది. సెప్టెంబరులో కస్తూరిబాయితో కూడి పదునాఱుగురు ఫీనిక్సు ఆశ్రమమునుండి బయలుదేరి, అనుమతిపత్రము లేక ట్రాన్స్‌వాలు సరిహద్దు దాటి, పట్టుబడి, మూడు నెలల కఠినశిక్ష పొందిరి. వారిలో నలుగురు స్త్రీలు. మఱియొక వంక ట్రాన్స్‌వాలు స్త్రీలు కొందఱు, బహుభాగము తమిళులు, నేటాలులోని న్యూకాసిలు బొగ్గుగనులకు పోయి కూలీలను పని మానుడని కోరిరి. అక్కడి కూలీలకు బాధ మఱియొకటి. కరారు ముగిసిన పిమ్మట తిరిగి కరారు వ్రాయక, స్వదేశమునకును పోక, ఆ దేశముననే నిలిచినవాడు ఏటేట 3 పౌనుల పన్ను కట్టవలెను. ఆ పన్ను ఎంత భారమో లెక్క చూడుడు. కరారు మొదటి ఏట కూలీ జీతము నెలకు 10 షిల్లింగులు. 3 పౌనులనగా 60 షిల్లింగులు. అనగా ఆరునెలల జీతము. ఇంటిలో భార్యకును పన్ను వేరే. ఇందులో ఒక వింత కలదు. పన్ను వసూలు చేయునప్పుడు ఆమె ఇంటి మనిషి. వారసత్వము అడుగునప్పుడు ఆమె ఎవరో తెలియదు.

స్త్రీల మాట విని గనులవారు పని మానిరి. నవంబరు 6న గాంధీజీ వెంట సరిహద్దువైపు నడచినవారు 2,037 మంది పురుషులు, 127 మంది స్త్రీలు, 57 మంది బిడ్డలు. వారిలో తమిళులు, తెలుగువారు, హిందూస్థానీలు అందఱును కలరు. చంకబిడ్డలతో నడచిన తల్లులు కలరు. సమ్మె చెఱకు తోటలకు ప్రాకినది; కాల్పులు జరిగి మనుష్యులు చనిపోయిరి. చెఱసాలలో జబ్బుపడి వచ్చిన వళ్లియమ్మ అను పదునాఱేండ్ల తమిళ బాలిక 1914 ఫిబ్రవరి 22న కన్నుమూసినది. ఆ ఏడాదియే భారతీయుల ఉపశమన చట్టము వచ్చినది. 3 పౌనుల పన్ను రద్దయినది. ఒక్క భార్య గల భారతీయుని వివాహమును నమోదు చేసికొనవచ్చుననియు, భారతీయ మతముల పురోహితులను వివాహాధికారులుగా నియమింపవచ్చుననియు ఆ చట్టము చెప్పినది. పసుపుత్రాడు కట్టించిన చేతితోనే పుస్తకములో వ్రాయుటకు మార్గమేర్పడినది.

ఈ సందర్భమున రాజమహేంద్రవరపు ముచ్చట యొకటి తలచుకొనక తప్పదు. 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం పంతులుగారు తొలి వితంతు వివాహము జరిపించిరి. ఆ వివాహమునకు చట్టము అండయున్నది. 1856 నాటి శాసనము వితంతు వివాహము చెల్లునని చెప్పినది. కాని ఊరు ఒప్పుకొనలేదు. వంటవారు రారు, నీళ్లు మోయువారు రారు, పురోహితులకు వెలి భయము. పోలీసుల కాపలాలో పెండ్లి జరిగినది. కాకినాడ పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయము చేయకున్నచో ఆ పని ముందుకు సాగెడిది కాదు. నేటాలులో ఊరు ఔనన్నది, చట్టము కాదన్నది. రాజమహేంద్రవరమున చట్టము ఔనన్నది, ఊరు కాదన్నది. రెండు చోట్లను బాధ పడినది స్త్రీయే. ఆచారము గొప్పదా, శాసనము గొప్పదా యని వాదించు పండితులు ఈ రెండు పెండ్లిండ్లను ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను.

ఇక ట్రినిడాడ్ సంగతి. అమెరికా ఖండములకు నడుమ సముద్రములోనున్న ఆ చిన్న ద్వీపమునకు 1845 మొదలు 1917 వఱకు సుమారు 1,44,000 మంది మన దేశస్థులు పోయిరి. అధికసంఖ్యాకులు కాశీ, బీహారు ప్రాంతములవారు. మద్రాసునుండి పోయినవారును కొందఱు కలరు. తులసీదాసు రామాయణము వారి వేదము. కార్తిక మాసమున దీపములు వెలిగించిరి, ఫాల్గుణమున వసంతమాడిరి, ఇండ్లముందు వెదురుకఱ్ఱలకు జెండాలెత్తిరి. ఇవన్నియు ఎవరును కాదనలేదు. పెండ్లి మాత్రము చెల్లలేదు. వెదురు పందిరిలో రాత్రియంతయు మంత్రములు చదివి పండితుడు జరిపించిన వివాహమును ప్రభుత్వము వివాహముగా ఎంచలేదు. చెల్లవలెనన్నచో వేఱుగా అధికారి కచ్చేరికి పోయి నమోదు చేయించుకొనవలెను. దేవుని ఎదుట అయిన పెండ్లికి మరల దొరగారి ఎదుట పెండ్లి యేమని అత్యధికులు పోలేదు.

దాని ఫలము మరణమప్పుడు తెలిసెడిది. ఒకడు చెఱకుతోటలో ఇరువదియేండ్లు చెమటోడ్చి ఐదెకరములు కొనినాడు, ఆవులు సంపాదించినాడు, మరణశాసనము వ్రాయకయే పోయినాడు. వ్రాత రానివాడు మరణశాసనమెట్లు వ్రాయును? అప్పుడు భార్య భార్య కాదు, కొడుకు చట్టబద్ధుడైన కొడుకు కాడు. భూమి ప్రభుత్వపరమగు ప్రమాదము వచ్చిపడును. పాఠశాలలో చేర్చునప్పుడు బిడ్డ పేరెదుట అక్రమసంతానమని వ్రాయుదురు. తండ్రి ఎవరో ఊరెల్ల తెలిసిన బిడ్డ పేరెదుట ఆ మాట వ్రాసిన కలము ఎట్టిదో! ముస్లిముల వివాహములకు 1930వ దశకములోనే అచ్చట చట్టము వచ్చినది. హిందువులకు ఇంచుమించు పదేండ్లు ఆలస్యమైనది. ఆ ఆలస్యమంతయు దొరల పాపమనుటకు వీలులేదు. చట్టములో విడాకులకు చోటుండవలెనా, లేదా యని హిందువులలోనే ఏకాభిప్రాయము కుదరకపోవుట దానికొక కారణము. తగవు తీరునంతవఱకు అక్రమసంతానమను మాట బిడ్డల పేర్లను వదలలేదు. తుదకు 1945లో హిందూ వివాహ చట్టము పుట్టినది. నూఱేండ్లు, మొదటి ఓడ చేరిన నాటినుండి సరిగా నూఱేండ్లు. పండితులు లైసెన్సు పొంది వివాహాధికారులైరి. నాటినుండి మంత్రము చదివినవారే పుస్తకమును వ్రాసిరి.

ఆ చట్టమున మఱియొక పంక్తి కలదు. వధువు వయస్సు కనీసము 14, వరుని వయస్సు 18. ఆచారమునకు గౌరవమనుకొని వ్రాసిన ఆ అంకె డెబ్బదియేండ్లకు పైగా అట్లే నిలిచినది. 2017లో ఆ దేశపు పార్లమెంటు అన్ని మతములవారికిని 18 సంవత్సరములని మార్చినది. హిందూ స్త్రీల సంస్థ ఆ మార్పు కొఱకు పాటుపడినది. సనాతన ధర్మ మహాసభ పెద్దలు వ్యతిరేకించిరి. పుస్తకములోనికి చేరుటకు తాతలు పోరాడిరి, పుస్తకములోని అంకెను దిద్దుటకు మనుమరాండ్రు పోరాడిరి. బాల్యవివాహముల నెఱిగిన మన ప్రాంతమునకు ఆ మనుమరాండ్ర పోరాటము పరాయిది కాదు.

దక్షిణాఫ్రికాకు మరల పోదము. 1914తో కథ ముగిసినదనుకొన్నచో పొరపాటు. నమోదు చేయించుకొనవచ్చునని చట్టము చెప్పినది గాని, చేయించుకొననివారి గతి యేమో చెప్పలేదు. తెలుగువారు డర్బనులో 1931లో ఆంధ్ర మహాసభ స్థాపించుకొనిరి. భాషను, పండుగలను నిలుపుకొనిరి. గుడిలో పెండ్లి చేసికొనుట మానలేదు. ఆ వెంటనే కచ్చేరికి పోవుట మాత్రము కొందఱు మఱచిరి, కొందఱు వాయిదా వేసిరి. ఆ దేశమున 1994లో అందఱకును సమానహక్కులు వచ్చిన పిమ్మట సైతము ఈ ముల్లు అట్లే యున్నది. హిందూ విధిని మాత్రమే పెండ్లియాడిన యొక స్త్రీ భర్త మరణశాసనము లేకయే చనిపోయినాడు. చట్టము చొప్పున ఆమె భార్య కాదు గనుక ఆస్తి అతని తలిదండ్రులకు పోవలసి వచ్చినది. ఆమె న్యాయస్థానమునకెక్కినది. 2008లో డర్బను హైకోర్టు, ఏకపత్నీవ్రతమైన హిందూ వివాహమున మిగిలిన భార్యయు వారసత్వ చట్టములోని 'భార్య' అను మాటలో చేరునని తీర్పు చెప్పినది. అట్లు కాదనుట ఆమె మతమును బట్టి ఆమెను తక్కువచేయుటయే యగునని న్యాయస్థానము భావించినది. ముస్లిం వివాహము విషయములో ఆ దేశపు రాజ్యాంగ న్యాయస్థానము 2004లోనే ఇట్టి తీర్పు చెప్పియుండెను. 1913లో ఒక ముస్లిం స్త్రీ వ్యాజ్యము హిందువుల పెండ్లిండ్లను పడగొట్టినది; 2004లో మఱియొక ముస్లిం స్త్రీ వ్యాజ్యము హిందూ స్త్రీకి దారి చూపినది. మతములు వేఱైనను పరదేశపు దస్తావేజులో వారిరువురు ఒకే కాలమునకు చెందినవారు.

సముద్రము దాటకయే పరదేశస్థులైన హిందువులును కలరు. 1947లో సరిహద్దు గీత వచ్చి వారి ఊరికి అవతల పడినది. వారు కదలలేదు, దేశము కదలినది. పాకిస్తానులో 2023 జనగణన ప్రకారము 38 లక్షలమంది హిందువులు కలరు. అత్యధికులు సింధు రాష్ట్రమువారు. వారిలో పొలము పనులతో జీవించు బీదలు పెక్కురు. ఆ దేశమేర్పడిన నాటినుండి దాదాపు డెబ్బది సంవత్సరములు వారి వివాహములను నమోదు చేయుటకు చట్టమే లేదు. ముస్లిమునకు నిఖానామా యున్నది. హిందువునకు చూపుటకు కాగితము లేదు. భర్త పేరుతో గుర్తింపు కార్డు కావలెనన్నను, భర్త చనిపోయిన పిమ్మట అతని పేరనున్నది తెచ్చుకొనవలెనన్నను వివాహ నిదర్శనమేదని అడిగెడివారు. ఇంతకంటె ఘోరమైనది మఱియొకటి. పెండ్లియైన స్త్రీని ఎత్తుకొనిపోయి, మతము మార్పించి, మరల పెండ్లి చేసితిమని చెప్పినచో, ఆమెకు ముందే వివాహమైనదని కోర్టులో చూపుటకు ఆమె వారియొద్ద ఒక్క కాగితపు ముక్క లేదు. ఎదుటివారి యొద్ద కాగితమున్నది.

2016 ఫిబ్రవరిలో సింధు శాసనసభ ముందుగా చట్టము చేసినది. 2017 మార్చిలో పాకిస్తాను హిందూ వివాహ చట్టమునకు అధ్యక్షుని సమ్మతి లభించి, తక్కిన రాష్ట్రములకును రాజధానికిని వర్తించినది. రమేష్ కుమార్ వంక్వానీ మొదలగు హిందూ శాసనసభ్యులు ఏండ్ల తరబడి దీనికై శ్రమించిరి. వివాహమైన పదునైదు దినములలో నమోదు చేయించవలెను. వధూవరులకు 18 ఏండ్లు నిండవలెను. నమోదు పత్రము పేరు 'షాదీ పరత్'. భర్త చనిపోయిన ఆరునెలల పిమ్మట స్త్రీ తన ఇష్టముతో మరల వివాహమాడవచ్చునని కూడ ఆ చట్టమున వ్రాసిరి. వీరేశలింగంగారి ఆత్మ సంతోషింపదగిన మాట. అయితే చట్టములో ఒక చీలిక యున్నది. దంపతులలో ఒకరు మతము మారినచో అది వివాహరద్దునకు కారణమగును. బలవంతపు మతమార్పిడికి ఇదియే దొడ్డిదారి యగునేమోనని హిందూ ప్రతినిధులలో కొందఱు ఆందోళనపడిరి. ఆ ఆందోళన నిరాధారమనుటకు వీలులేదు. అదియునుగాక, చట్టము చేయుట వేఱు, అమలు చేయుట వేఱు. ఇస్లామాబాదు ప్రాంతమునకు అమలు నియమములు 2023లో గాని వెలువడలేదు. ఆరేండ్లు! నియమములు లేక రిజిష్టరు లేదు, రిజిష్టరు లేక పత్రము లేదు.

బంగ్లాదేశము 2012లో హిందూ వివాహ నమోదు చట్టము చేసినది గాని, నమోదును ఐచ్ఛికముగా వదలినది. ఇష్టమున్నవారు చేయించుకొనవచ్చును. ఇష్టము ఎవరిది? ఇంట కాగితము అక్కఱలేదనువాడు భర్త. కాగితము లేక చెడునది భార్య.

ఇంత దూరము చూచిన పిమ్మట మన ఇంటి వాకిలి చూడవలెను. మన 1955 నాటి హిందూ వివాహ చట్టము ఆచారమునకు చాల మర్యాద చేసినది. వధూవరులలో ఏ పక్షము ఆచారము ప్రకారము జరిగినను వివాహము చెల్లును; సప్తపది ఆచారమున్నచోట ఏడవ అడుగుతో వివాహము పూర్తియగును. నమోదు లేనంత మాత్రమున పెండ్లి చెడదని కూడ ఆ చట్టమే చెప్పినది. 2002లో ఆంధ్రప్రదేశము వివాహ నమోదును నిర్బంధము చేయుచు వేఱు శాసనము చేసినది. 2006లో సుప్రీంకోర్టు అన్ని మతముల వివాహములను తప్పక నమోదు చేయించు ఏర్పాట్లు చేయవలెనని రాష్ట్రములను ఆదేశించినది.

అంత మాత్రమున కాగితమే పెండ్లి యనుకొనరాదు. 2024 ఏప్రిలులో సుప్రీంకోర్టు ముందుకు విచిత్రమైన వ్యాజ్యము వచ్చినది. ఇరువురు హోమము లేదు, అడుగులు లేవు, ఏ ఆచారము లేదు. ఒక సంస్థవారిచ్చిన పత్రముతో వివాహము నమోదు మాత్రము చేయించుకొనిరి. ఆచారము జరుగని చోట హిందూ వివాహమే లేదనియు, రిజిష్టరులోని వ్రాత లేని పెండ్లిని పుట్టింపజాలదనియు న్యాయమూర్తులు ప్రకటించిరి. శకుంతలది ఉంగరము పోయిన పెండ్లి. వీరిది పెండ్లి లేని ఉంగరము. ఈ తీర్పు చదివి, అట్లయిన నమోదుతో పనియేమి యని ఎవరైనను అనుకొన్నచో, వారు తీర్పులో సగమే చదివినవారు. పుస్తకము పెండ్లిని చేయదు. జరిగిన పెండ్లికి నోరిచ్చును.

ఆ నోరు ఎప్పుడు కావలసివచ్చునో మన పల్లెలవారికి చెప్పనక్కఱలేదు. కరీంనగరు, నిజామాబాదు, కడప, గోదావరి జిల్లాలనుండి గల్ఫు దేశములకు పోయినవారు వేలకొలది. నేటి విమానము నాటి 'ట్రూరో' ఓడ కాకపోవచ్చును గాని, పోవువాడు కరారు వ్రాసియే పోవుచున్నాడు. అక్కడ వానికి ఏమైనను జరిగినచో శవము తెచ్చుకొనుటకు, రావలసిన జీతము బాకీలు రాబట్టుటకు, భీమా పొందుటకు భార్యయని నిరూపించుకొనవలసినది ఇక్కడి స్త్రీ. దుఃఖములో నున్న యింటిలో ఆనాడు కాగితముల వెదుకులాట మొదలగును. పాసుపోర్టులో భార్య పేరు వ్రాయించినాడా? కుటుంబసభ్యుల ధ్రువపత్రమున్నదా? పెండ్లి పత్రమున్నదా? పెండ్లినాడు సన్నాయి ఊదినవాని సాక్ష్యము దుబాయి కంపెనీ గుమాస్తాకు పనికిరాదు.

పెండ్లి పత్రము తెచ్చుకొనుట కష్టమైన పని కాదు. వధూవరులు సబ్-రిజిష్ట్రారు కచ్చేరికి పోవలెను. శుభలేఖ, పెండ్లినాటి ఛాయాచిత్రము, వయస్సునకును నివాసమునకును ఆధారములు తీసికొనిపోవలెను. వెంట ముగ్గురు సాక్షులు రావలెను. పెండ్లియై ఏండ్లు గడచిన దంపతులు సైతము దరఖాస్తు పెట్టుకొనవచ్చును. శుభలేఖలు అటకమీద చెదలు తినకమునుపే ఒకటి తీసి ఇనుపపెట్టెలో దాచుట మంచిది. సాక్షులు దొరకరను భయము మన ఊరిలో ఎవరికిని అక్కఱలేదు. ఐరేని కుండలు తెచ్చినవాడును, బంతిలో పప్పు చాలలేదన్న మేనత్తయు ఇంకను ఇక్కడనే ఉన్నారు.